మోటుపల్లి రేవులో నాన్న వేసిన లెక్క

గుంటూరువాళ్లకు సముద్రమంటే సూర్యలంక. బాపట్ల దాకా రైలు, అక్కడి నుంచి ఆటో, సంచీలో పులిహోర పొట్లాలు, సాయంత్రానికి ఇసుక నిండిన చెప్పులతో తిరుగు ప్రయాణం. కార్తీక పౌర్ణమి నాడైతే ఇసుక వేస్తే రాలనంత జనం. మా ఇంట్లో మాత్రం సముద్రమంటే మోటుపల్లి. ఆ పేరు చెబితే గుంటూరులోనే చాలామంది "అదెక్కడ?" అని అడుగుతారు. చీరాల, వేటపాలెం దాటాక పెద్ద రోడ్డు వదిలి తూర్పుకు తిరగాలి. అక్కడ ఐస్‌క్రీం బండి ఉండదు, ఫొటోలు తీసేవాడు ఉండడు, పిల్లల్ని గుర్రమెక్కించి పది అడుగులు తిప్పి డబ్బులు అడిగేవాడు అసలే ఉండడు. ఒకప్పుడు మాత్రం అదే ఒడ్డున ఓడల్లోంచి గుర్రాలు దిగాయి.

మోటుపల్లి మా ఇంట్లోకి రావడానికి కారణం ఒక చరిత్ర మాస్టారు. బ్రాడీపేటలో మేముండే లైనులోనే నాలుగిళ్ల అవతల ఉండేవారు, ఊళ్లో ఒక కాలేజీలో పాఠం చెప్పేవారు. నాన్న మిర్చి కమీషన్ వ్యాపారి దగ్గర గుమస్తా. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగడం, కాయ చూసి తాలు ఏరించడం, వేలం, కాటా, తక్‌పట్టీ అనే అమ్మకం చీటీ రాయడం, రైతు చేతిలో డబ్బు పెట్టడం. ఫిబ్రవరి నుంచి మే దాకా ఆయన ఇంటికి వచ్చేది నిద్రపోవడానికే. చొక్కా విడిస్తే ఇల్లంతా తుమ్ములు. అమ్మ ఆ చొక్కాలను మా బట్టలతో కలపకుండా వేరే బకెట్టులో నానబెట్టేది. ఇలాంటి నాన్నకూ, తాటాకు పుస్తకాల గురించి గంటలు గంటలు మాట్లాడే మాస్టారికీ స్నేహం ఎలా కుదిరిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇద్దరికీ చుట్ట అలవాటు, ఇద్దరి ఇళ్లలోనూ లోపల కాల్చనివ్వరు. అరుగు మీద కలిసేవారు. బహుశా అంతే.

మాస్టారికి రెండు మనోవ్యాధులు. కోస్తాలో పాత రేవు ఏదని అడిగితే ప్రతివాడూ బందరు పేరు చెప్పడం ఒకటి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చినప్పుడు మోటుపల్లి గుంటూరు జిల్లా నుంచి జారిపోవడం రెండోది. "మన బాపట్ల తాలూకా రేవండీ అది. మార్కోపోలో రాసిన రేవు. కాగితం మీద ఒక గీత గీసి పట్టుకుపోయారు" అని సొంత పొలం పోయినంతగా బాధపడేవారు. జిల్లా మారితే సముద్రం ఎక్కడికి పోతుందని నాన్న అంటే, "మీకు మిరపకాయలు తప్ప ఏమీ పట్టవు" అని కసురుకునేవారు. ఆ కసురుకు జవాబుగానే అనుకుంటాను, నాన్న ఒక రోజు "పదండి, చూపించండి మీ రేవు" అన్నారు.

1980ల మధ్య. సంక్రాంతి సెలవులు. కొత్త కాయ ఇంకా జోరుగా రావడం మొదలు కాలేదు కాబట్టి నాన్నకు తీరిక. నేను ఎనిమిదో తరగతి. ఓడలు చూపిస్తారనుకుని వెంటపడ్డాను.

గుంటూరు నుంచి తెనాలి దాకా ఒక ప్యాసింజరు, తెనాలిలో మరొకటి. చుండూరు, నిడుబ్రోలు, అప్పికట్ల, బాపట్ల, చీరాల. ప్రతి స్టేషనులోనూ మాస్టారికి చెప్పడానికి ఏదో ఒకటి ఉండేది. నాన్న మాత్రం కిటికీ పక్కన కూర్చుని ఎవరి చేలో మిరప ఎలా ఉందో చూసుకున్నారు. తెనాలి దాటితే అంతా వరే కదా, మిరప ఎక్కడిది అంటే, "లేదని కూడా తెలియాలిగా" అన్నారు.

వేటపాలెంలో దిగగానే మోటుపల్లికి పోతామనుకుంటే మాస్టారు మమ్మల్ని గ్రంథాలయానికి నడిపించారు. సారస్వత నికేతనం. 1918లో పుట్టిన గ్రంథాలయం, 1929లో గాంధీగారు వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర అక్కడే ఉంది. మాస్టారు ఏదో సంపుటం తెప్పించుకుని నోట్సు రాసుకుంటూ కూర్చున్నారు. నాకు పెద్ద విసుగు. నాన్నకు కాలక్షేపానికి ఎవరో పాత పత్రికల బైండు ఒకటి అందించారు. ఆయన వార్తల జోలికే వెళ్లలేదు. చివరి పేజీలో మార్కెట్ ధరలు వెతుక్కుని, వేరుశనగ ఎంత, పసుపు ఎంత, బెల్లం ఎంత అని వేలితో గీసుకుంటూ చదివారు. ఒకచోట ఆగి, "అబ్బ, ఆ రోజు కొన్నవాడు మునిగిపోయి ఉంటాడు" అన్నారు. ఎవరో, ఎప్పుడో. ఆ నష్టానికి ఆయన ముఖంలో నిజంగానే విచారం కనిపించింది.

స్టేషను దగ్గర మూడు అద్దె సైకిళ్లు తీసుకున్నాం. నాది ముప్పావు సైకిలు. గంటకు పైగా తొక్కాం. దారి పొడవునా ఇసుక నేలలు, తాళ్లు, జీడిమామిడి తోటలు. జనవరిలో జీడిమామిడి పూతకు ఒక వాసన ఉంటుంది, తీపీ కాదు, వగరూ కాదు. చినగంజాం వైపు ఎండలో ఉప్పు కుప్పలు దూరం నుంచే తెల్లగా మెరిసేవి. ఇసుక ఎక్కువైన చోట దిగి తోసుకుంటూ పోవాల్సి వచ్చేది. మాస్టారు పంచె చైనులో పడి రెండుసార్లు ఆగాం. ఆయన ఆగిన ప్రతిసారీ కాకతీయుల గురించి కాస్త చెప్పేవారు, ఊపిరి తీసుకోవడానికి అది ఆయన పద్ధతి. ఓరుగల్లుకు సముద్రం లేదు. యుద్ధానికి గుర్రాలు కావాలి, మంచి గుర్రాలు అరబ్బు, పారశీక దేశాల నుంచి ఓడల్లో రావాలి. గణపతిదేవుడు తీరాన్ని చేజిక్కించుకున్నాక ఈ రేవు మీద కన్నేశాడంటే అందుకే. గుర్రాలు లోపలికి, బట్టలు, వజ్రాలు బయటికి.

నేను ఊహించుకున్న రేవులో పెద్ద గోడ, దీపస్తంభం, కనీసం తుప్పు పట్టిన లంగరు ఒకటి ఉన్నాయి. చేరింది ఒక చిన్న పల్లెకు. పూరిళ్లు, పెంకుటిళ్లు, చెట్టు కింద పులిజూదం ఆడుతున్న ముసలివాళ్లు. అక్కడి నుంచి సముద్రం కనిపించను కూడా కనిపించదు. మాస్టారు సైకిలు ఆపింది వీరభద్రస్వామి గుడి ముందు.

మండపంలో ఒక స్తంభం. చూడగానే ఏమీ తెలియదు, రాయి మీద గరుకు తప్ప. మాస్టారు తువ్వాలు తడిపి తెచ్చి మెల్లగా అద్దారు. రాయి నల్లబడి, గీతల్లో నీరు నిలిచి, అక్షరాలు ఒక్కొక్కటే పైకి తేలాయి. మన అక్షరాల్లానే ఉన్నాయి, మనవి కావు. తలకట్టు ఉన్నట్టే ఉంటుంది, చదవబోతే జారిపోతుంది. నేను ఒక 'న' పట్టుకోగలిగాను, అది కూడా మాస్టారు కాదన్నారు. నీరు ఆరిపోగానే అక్షరాలు మళ్లీ రాతిలో కలిసిపోయేవి, ఆయన మళ్లీ తడిపేవారు. చదివింది కొంత, ముందే కంఠతా వచ్చింది కొంత కలిపి ఆయన మాకు అర్థం చెప్పారు.

అది 1244లో గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం. ఒక దేశం నుంచి మరో దేశానికి బయలుదేరిన ఓడలు తుఫానుకు చిక్కి, పగిలి, దారి తప్పి ఈ ఒడ్డుకు కొట్టుకువస్తే, వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారు. మేము అలా చేయం. ప్రాణం కన్నా ధనం గొప్పది అనుకుని సముద్రం మీదికి సాహసించి వచ్చిన వర్తకుల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వాళ్లకే వదిలేస్తున్నాం. ఆ సుంకం ఎగుమతి దిగుమతుల మీద ముప్పైకి ఒకటి. కింద సరుకుల జాబితా. చందనం, నాటు కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, వక్కలు. దేనికి ఎంతో విడివిడిగా.

నాన్న అప్పటిదాకా స్తంభానికి ఆనుకుని ఊరికే వింటున్నారు. సుంకం మాట రాగానే ముందుకు వంగారు. "ముప్పైకి ఒకటంటే నూటికి మూడు రూపాయల ముప్పై మూడు పైసలు" అన్నారు. తరవాత, "మిరపకాయకు ఎంత రాశారు?" అని అడిగారు. మాస్టారు నవ్వేశారు. మిరపకాయ అప్పటికి ఈ దేశంలోనే లేదు, బుడతకీచులు, అంటే పోర్చుగీసువాళ్లు, వచ్చాకే వచ్చింది. మన అమ్మమ్మల అమ్మమ్మలు మిరియాలతోనే కారం తిన్నారని చెబితే నాన్న నమ్మనట్టు చూశారు. గుంటూరులో బతికేవాడికి అది మింగుడుపడే సంగతి కాదు.

వక్కల దగ్గర మరో పేచీ వచ్చింది. వక్కల సుంకం లక్షకు ఇంత అని ఉందని మాస్టారు చెప్పారు.

"లక్ష వక్కలు ఎవరు లెక్కపెట్టారు మాస్టారూ?"

మాస్టారు తెల్లముఖం వేశారు. పుస్తకాల్లో ఆ ప్రశ్న ఎవరూ వేసినట్టు లేదు. నాన్నే జవాబు చెప్పారు: "వెయ్యి లెక్కపెట్టి తూస్తారు. ఆ తూకం ప్రకారం మిగతావి తూచుకుంటారు. కాటా మనిషి రాజుగారి మనిషే అయి ఉంటాడు, కాబట్టి వెయ్యి ఏరేటప్పుడు వర్తకుడి గుమస్తా పక్కనే నిలబడి తీరాలి. లేకపోతే చిన్న వక్కలన్నీ ఏరి వెయ్యి చేస్తాడు. అప్పుడు తూకానికి లెక్క పెరుగుతుంది, సుంకం పెరుగుతుంది." ఇదంతా ఆయన 1244లో అక్కడే నిలబడి చూసినట్టుగా చెప్పారు. మాస్టారు జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. నాన్న చెప్పింది మాస్టారు రాసుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

సముద్రానికి ఇంకా నడవాలి. సైకిళ్లు గుడి దగ్గరే వదిలి సర్వి తోటల మధ్య నుంచి బయలుదేరాం. రాలిన సర్వి ఆకు మెత్తగా కాలికి తగిలేది, పైన గాలి హోరు సముద్రమే వచ్చేసిందని మోసం చేసేది. దారిలో ఇద్దరికీ వాదం మొదలైంది. అంత గొప్ప రాజు, ఎంత దయ, అని మాస్టారు. దయేమీ లేదు, లెక్క, అని నాన్న. "ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడను ఒకసారి దోచుకోవచ్చు. ఆ కబురు మిగతా ఓడలకు చేరదా? వాళ్లు ఇంకో రేవు చూసుకుంటారు. అప్పుడు రాజుగారికి ముప్పైకి ఒకటి కూడా రాదు. ఎవరో తెలివైన మంత్రి చెప్పి రాయించి ఉంటాడు." కీర్తి కోసం, ధర్మం కోసం అని స్పష్టంగా ఉంది కదా అంటే, "బోర్డు మీద అలాగే రాస్తారు మాస్టారూ, మా కొట్టు బోర్డు మీద కూడా ధర్మకాటా అనే ఉంటుంది" అన్నారు.

కాసేపు నడిచాక నాన్న ఒక సంగతి చెప్పారు. నేను ఆ రోజు దాన్ని సగమే విన్నాను, పీతల కన్నాలు వెతుక్కుంటున్నాను. పెద్దయ్యాక మళ్లీ చెప్పించుకున్నాను. ఒక ఏడు ఏప్రిల్లో అకాల వర్షం పడింది. మార్కెట్లో షెడ్డు దొరకని టిక్కీలన్నీ ఆరుబయట తడిశాయి. పల్నాటి నుంచి ఎడ్ల బండ్ల మీద తెచ్చిన కాయ. తడిసిన కాయ రెండు రోజుల్లో బూజు పడుతుందని రైతుకు తెలుసు, కొనేవాడికి ఇంకా బాగా తెలుసు. నిన్న అడిగిన ధరలో పావు వంతుకు అడిగారు. ఒక రైతు టిక్కీల మీద చెయ్యి వేసుకుని, ఎవరినీ తిట్టకుండా, ధర చెప్పకుండా అలా కూర్చుండిపోయాడట. నాన్న తక్‌పట్టీ రాయాల్సిన మనిషి, రాశారు. "వాన వాడి తప్పు కాదు. తుఫాను ఓడవాడి తప్పూ కాదు. తడిసింది కదా అని లాక్కోవడం ఏడొందల ఏళ్ల కిందట ఒక రాజుకు సిగ్గనిపించింది. మరి మనకు?" అన్నారు. మాస్టారు, "అంటే దయే కదండీ" అన్నారు. నాన్న ఒప్పుకోలేదు. తిరుగు రైల్లో కూడా ఒప్పుకోలేదు.

తోట దాటగానే ఇసుక దిబ్బ, దిబ్బ ఎక్కగానే సముద్రం. కనుచూపు మేర ఒడ్డు తిన్నగా సాగిపోతుంది, ఒక వంపు లేదు, కొండ లేదు, ఓడ దాక్కోవడానికి ఒక సందు లేదు. ఇది రేవెలా అయిందని నాకే అనుమానం వచ్చింది. మన తీరంలో ఓడలు ఒడ్డుకు రావని మాస్టారు చెప్పారు. లోతున్న చోటే లంగరు వేసుకుని నిలిచేవి. సరుకును చిన్న పడవల్లో కెరటాలు దాటించి తెచ్చేవారు. ఆ పడవలకు మేకులు ఉండవు, పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవారు. మేకులు కొట్టిన పడవ అల తాకిడికి విచ్చిపోతుంది, కుట్టిన పడవ వంగి లేస్తుంది. ఆ పడవలో గుర్రాన్ని ఎలా నిలబెట్టారో నేను అడిగాను. కాళ్లు కట్టి ఉంటారు అన్నారు నాన్న. మాస్టారు సమాధానం చెప్పకుండా అలల వైపు చూస్తూ చుట్ట వెలిగించడానికి తంటాలు పడ్డారు. ఆ గాలిలో అగ్గిపెట్టె ఖాళీ అయింది గానీ చుట్ట అంటుకోలేదు.

మార్కోపోలో సంగతి అక్కడే విన్నాను. 13వ శతాబ్దం చివర్లో ఆ వెనిస్ మనిషి ఈ రాజ్యాన్ని ముత్‌ఫిలి అని రాశాడు. పాలించేది ఒక రాణి అని, ఆమె చాలా వివేకవంతురాలని మెచ్చుకున్నాడు. రుద్రమదేవే. కాకపోతే ఆమెను చనిపోయిన రాజుగారి భార్య అనుకున్నాడు. గణపతిదేవుడికి ఆమె కూతురు. మాస్టారికి ఆ పొరపాటు మీద ఎంత కోపమంటే, మార్కోపోలో ఎదురుగా ఉంటే బెంచీ ఎక్కించేవారు. వజ్రాల కథ కూడా ఆయనదే. పాములున్న లోతైన లోయల్లోకి మాంసం ముద్దలు విసిరితే వజ్రాలు అంటుకుంటాయి, తెల్ల గద్దలు వాటిని పైకి ఎత్తుకొస్తాయి, మనుషులు గద్దల్ని తరిమి వజ్రాలు తీసుకుంటారు. ఇది నాకు బాగా నచ్చింది. మాస్టారికి నచ్చలేదు. వజ్రాలు దొరికింది కృష్ణ ఒడ్డున, కూలివాళ్లు నేల తవ్వి, మట్టి కడిగితే. అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న కొల్లూరు గనులే చాలు అందుకు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది.

బట్టల గురించి మార్కోపోలో రాసింది మాత్రం మాస్టారు రెండోసారి కూడా చెప్పారు. ఇక్కడి సన్న నేత సాలెగూడులా ఉంటుందని, దాన్ని కట్టడానికి ఇష్టపడని రాజూ రాణీ లోకంలో ఉండరని. వచ్చేటప్పుడు చీరాల దగ్గర రైలు కిటికీలోంచి కనిపించిన జాండ్రపేట మగ్గాల ఇళ్లను తలచుకుని, "వీళ్ల ముత్తాతలే" అన్నారు. రుజువు ఏమిటని నాన్న అడగలేదు. ఆ మాట ఆయనకూ ఇష్టమైనట్టుంది.

కాకతీయులు పోయాక రేవు రెడ్డిరాజుల చేతికి వచ్చింది. 1358లో అనపోతారెడ్డి వర్తకులకు మళ్లీ అభయమిస్తూ ఇక్కడే శాసనం వేయించాడు. వచ్చినవాళ్లు ఉండవచ్చు, పోదలచుకుంటే సరుకుతో సహా పోవచ్చు అని. ఆ రాజుల రాజధాని కొండవీడు మా గుంటూరువాళ్లకు ఆదివారం ఎక్కి దిగే కొండ. కుమారగిరిరెడ్డి అక్కడ వసంతోత్సవాలకు ఎంత కర్పూరం తగలేశాడంటే ఆయనకు కర్పూర వసంతరాయలు అనే పేరే వచ్చింది. సుగంధ ద్రవ్యాలు తెప్పించిన అవచి తిప్పయ్యశెట్టికి శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చాడు. సింహళం నుంచి ఏనుగులు, హురుముంజి (హోర్ముజ్) నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టుబట్టలు తెచ్చాడని ఆ శెట్టిని పొగిడిన సీసపద్యాన్ని మాస్టారు ఒడ్డున నిలబడి రాగం తీసి చదివారు. గాలికి సగం పద్యం ఎగిరిపోయింది. అవతల వల లాగుతున్నవాళ్లు ఒక క్షణం ఆగి, ఈయనకు ఏమైనా అయిందా అన్నట్టు చూసి, మళ్లీ లాగడంలో పడ్డారు.

అది అలివి వల. అటు పదిమంది, ఇటు పదిమంది తాడు నడుముకు చుట్టుకుని వెనక్కి నడుస్తూ లాగుతారు. చివరివాడు తాడు వదిలి పరుగెత్తుకెళ్లి నీళ్ల దగ్గర మళ్లీ ముందు అందుకుంటాడు. నాన్న ఆపుకోలేక చెప్పులు విడిచి వెళ్లి తాడు పట్టుకున్నారు. నేనూ పట్టుకున్నాను. తడి తాడు అరచేతిని కోసేస్తుంది, అది మాత్రం బాగా గుర్తుంది. వల ఒడ్డుకు వచ్చాక లాగినందుకు మాకూ వాటా అని ఒక పెద్దాయన దోసెడు సన్న చేపలు ఆకులో పెట్టి ఇచ్చాడు. మాస్టారు శాకాహారి. ఆ పొట్లం గుంటూరు దాకా రైల్లో మా కాళ్ల దగ్గరే ప్రయాణించింది, ఆయన మాత్రం పక్క పెట్టెలోకి మారారు.

ఇంటికి వచ్చాక మోటుపల్లి మా సంసారంలోకి దిగింది. పండగకు అమ్మమ్మ నాకూ చెల్లికీ డబ్బులిస్తే, నాన్న చెయ్యి చాచి "ముప్పైకి ఒకటి" అనేవారు. ఇవ్వకపోతే పూర్వపు రాజుల పద్ధతి అమలవుతుందని బెదిరింపు. అమ్మకు ఆ రాజులెవరో తెలియదు గానీ కొంగుముడిలో డబ్బు దాచేటప్పుడు "ఇది కొట్టుకొచ్చిన ఓడ, దీని జోలికి రాకండి" అనడం నేర్చుకుంది. చెల్లి ఇప్పటికీ వాళ్ల పిల్లల దగ్గర వసూలు చేస్తుంది, రేటు కాస్త పెంచింది.

రేవు ఎందుకు పోయిందని తరవాత మాస్టారిని అడిగాను. రెడ్డిరాజ్యం కూలిపోయింది, కొనేవాళ్లు చెదిరిపోయారు, ఓడలు వేరే చోట్లు చూసుకున్నాయి. 1611లో ఇంగ్లీషువాళ్లు మన తీరానికి వచ్చేసరికి వాళ్లు దిగింది నిజాంపట్నంలో, తరవాత బందరులో. మోటుపల్లి వాళ్ల లెక్కలోనే లేదు. ఇది చెబుతున్నప్పుడు మాస్టారు బందరు మీద కోపాన్ని దాచుకోలేదు. నాన్న పక్క నుంచి, "చెప్పానుగా, ఓడలు ఇంకో రేవు చూసుకుంటాయని" అన్నారు.

నాన్న లేరు. మాస్టారు రిటైరయ్యాక కొడుకు దగ్గరికి వెళ్లి అక్కడే పోయారు. మోటుపల్లి 2022లో బాపట్ల జిల్లాలోకి వచ్చింది. మాస్టారు ఉండి ఉంటే సగం శాంతించేవారేమో, లేక గుంటూరులో ఎందుకు కలపలేదని కొత్త గొడవ మొదలుపెట్టేవారేమో. రెండోదే జరిగేది.

మా అమ్మాయి ఇంజనీరింగ్ రెండో ఏడు. మొన్న శీతాకాలం సెలవులకు గుంటూరు వచ్చినప్పుడు కారులో తీసుకెళ్లాను. పొన్నూరు, బాపట్ల, చీరాల మీదుగా రోడ్డు ఇప్పుడు విశాలం, రెండు గంటలు కూడా పట్టదు. చీరాల దగ్గర రామాపురం తీరమంతా రిసార్టులు. ఆదివారం కాబట్టి హైదరాబాదు కార్లు బారులు తీరి ఉన్నాయి. అవి దాటితే జీడిమామిడి తోటలు పలచబడ్డాయి, రొయ్యల చెరువులు వచ్చాయి. చెరువుల్లో నీరు చిలికే చక్రాల చప్పుడు కారు అద్దాలు మూసినా వినిపిస్తుంది. ఆ రొయ్యలు కూడా ఓడలెక్కి విదేశాలకే పోతాయి, మోటుపల్లి నుంచి మాత్రం కాదు.

గుడి దగ్గర స్తంభాన్ని తడుపుదామని నేను సీసా మూత తీస్తుంటే అమ్మాయి ఆపింది. రాయి మీద నీళ్లు పోయకూడదట. ఫోనులో దీపం వెలిగించి, ఎదురుగా కాకుండా స్తంభానికి పక్క నుంచి, రాయిని దాదాపు ఆనించి పట్టుకుంది. వెలుగు అడ్డంగా పారి ప్రతి గీతలోనూ నీడ నిలిచింది. వరసకు వరస అక్షరాలు లేచాయి. మాస్టారు తువ్వాలుతో అరగంట కష్టపడి చూపించినదానికన్నా స్పష్టంగా. నాకు కొంచెం ఉక్రోషంగా కూడా అనిపించింది, ఎవరి తరఫునో తెలియదు. ఇద్దరం కలిసి కొన్ని అక్షరాలు కూడబలుక్కున్నాం. ఒకచోట అది 'శ్రీ' అని నేను, కాదని తను. అర్థం చెబుతూ సుంకం దగ్గరికి వచ్చేసరికి తను ఫోనులో లెక్క వేయబోయింది. మూడు పాయింటు మూడు మూడు అని నేనే చెప్పాను. ఆ పూట మార్కులు నాకు అక్కడే పడ్డాయి.

"తుఫానులో పగిలిన ఓడ మీద కూడా ముప్పైకి ఒకటి వసూలు చేశారా నాన్నా? సరుకు సగం సముద్రంలో పోయాక?" అని అడిగింది. సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తాం అన్నారంటే సుంకం వదల్లేదనే కదా. మిగిలిన సరుకు మీద మాత్రమే వేసి ఉంటారని నేను వాదించాను. "అలా రాసి ఉందా?" అంది. మా నాన్న ఉంటే వీళ్లిద్దరికీ బాగా పొసిగేది.

ఒడ్డున ఇప్పుడు మోటారు బిగించిన ఫైబరు పడవలు, నీలం వలలు. మేం వెళ్లేసరికి ఒక పడవ వచ్చి ఆగింది. ఇసుక మీద పట్టా పరిచి చేపలు కుప్పలుగా పోశారు. చుట్టూ అల్యూమినియం గిన్నెలతో ఆడవాళ్లు. వేలంపాట మొదలైంది. పాడేది ఒక లావుపాటి మనిషి, కుప్ప పక్కన కూర్చుని, చేపల వైపు చూడకుండా ముఖాలే చూస్తూ ధర పెంచుకుపోతాడు. అరవైకి ఒకామె తల ఊపింది, డెబ్బైకి మరొకామె గిన్నె కదిపింది. ఎక్కడా మాట లేదు, చెయ్యి ఎత్తడం లేదు. మిర్చి వేలంలో పాటకుడి పక్కన నిలబడి నాన్న చూసే చూపు నాకు గుర్తొచ్చి, ఆ మనిషి వాటా ఎంతో తెలుసుకోవాలనిపించింది. పాట ముగిశాక గిన్నె నింపుకుంటున్న పెద్దావిడను అడిగాను.

"పాట పాడినాయనకు ఎంత ఇస్తారమ్మా? నూటికింత అని ఉంటుందా?"

ఆవిడ నన్నూ, నా చెప్పుల్నీ, అవతల ఆగిన కారునూ ఒకసారి చూసింది.

"మీకెందుకు బాబూ? సుంకం వసూలుకు వచ్చారా ఏమిటి?"

మా అమ్మాయి పక్కకు తిరిగి పడీపడీ నవ్వింది. కిలో చేపలు కొన్నాం. బేరం ఆడబోతే ఆవిడ ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు. బాపట్ల వచ్చేదాకా కారు అద్దాలు దించే ఉంచాల్సి వచ్చింది.